కడగని గాజుగొట్టం

వదిన చివరగా చేసిన మామూలు పని వంటింటి కుళాయికి వాషరు మార్చడం. ఆ కుళాయి చాలా రోజులుగా కారుతోంది. అన్నయ్య ప్లంబరుకు ఫోను చేస్తానంటూ రోజూ మరిచిపోతున్నాడు. నేను దాని కింద ఒక గిన్నె పెట్టి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం వదిన పానా తీసుకొచ్చి, కింద నీళ్లు కట్టేసి, కుళాయి తల ఊడదీసింది. అరిగిపోయిన రబ్బరు ముక్కను కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇద్దరు మగాళ్లున్న ఇల్లు. ఒకడు ఫోను దగ్గర, ఇంకొకడు గిన్నె దగ్గర ఆగిపోయారు," అంది.

కొత్తది వేసి బిగించి, కుళాయి తిప్పి, కట్టి, కింద వేలు పెట్టి చూసుకుంది. వేలు పొడిగానే ఉంది. "ఇక కారదు," అని చేతులు తుడుచుకుని, కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్లింది. టీ వేళకు అన్నయ్య లేపబోతే లేవలేదు.

ఎక్కడైనా ఏదైనా కారుతోందంటే ఆవిడకు స్థిమితం ఉండేది కాదు. ఉద్యోగం అలాంటిది. ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక పరిశోధనశాల నేలమాళిగలో, లోపలి గాలంతా తోడేసిన గాజుగొట్టం పక్కన కూర్చుని పనిచేసింది. బయటి గాలి రవ్వంత లోపలికి చొరబడినా ఆ రోజు పని గల్లంతే. ఇంట్లో మేము కాఫీపొడి డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే, ఆ మూత పెట్టని మనిషి ఎవరో కనిపెట్టి, చేతికి డబ్బా ఇచ్చి, తను చూస్తుండగా మూత పెట్టించేది.

ఆ పనేమిటో చుట్టాలకు చెప్పలేక అన్నయ్య నానా తిప్పలూ పడేవాడు. అన్నయ్య పళ్ల డాక్టరు. తన పని గురించి ఎవరికీ వివరించాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. "మా ఆవిడ నక్షత్రాల దగ్గర ఉండే రసాయనాలు తయారుచేస్తుంది," అనేవాడు. "తయారుచేసి అక్కడికి పంపిస్తారా?" అని వాళ్లు అడిగేవాళ్లు. చివరికి వదినే అందరికీ అర్థమయ్యే దారి ఒకటి వెతుక్కుంది.

"హైడ్రోజన్‌కు ఒక అన్న ఉన్నాడు. పేరు డ్యుటీరియం. అచ్చం తమ్ముడిలాగే ఉంటాడు, బరువు మాత్రం రెట్టింపు," అనేది. అని ముందు అన్నయ్య వైపు, తర్వాత నా వైపు చూసేది. చుట్టాలు కూడా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసేవాళ్లు. అన్నయ్య పొట్ట లోపలికి పీల్చుకునేవాడు. నేను ఈకలా ఉండేవాణ్ణి.

ఆ తర్వాత కథ ఇలా సాగేది. విశ్వంలో లక్షమంది తమ్ముళ్లకు ఒకరో ఇద్దరో అన్నలు ఉంటారు. కానీ నక్షత్రాలు పుట్టే చోట మనం ఊహించలేనంత చలి. అక్కడ దుమ్ము రేణువుల మీద మంచు పేరుకుంటుంది. ఆ మంచులో చిన్న చిన్న అణువులు తయారవుతుంటే, ఈ బరువన్నలు వచ్చి చోటు పట్టుకుని కూర్చుంటారు. చలికి బద్ధకించి మళ్లీ లేవరు. అలా లక్షకు ఒకరిద్దరుగా ఉండాల్సినవాళ్లు ఆ అణువుల్లో పదికో వందకో ఒకరుగా కనిపిస్తారు. లోపల నక్షత్రం వెచ్చబడటం మొదలయ్యాక మంచు ఆవిరవుతుంది, అణువులు బయటపడి గిరగిరా తిరుగుతాయి. అవి తిరిగే తీరును బట్టి ఒక్కో రకం రేడియో తరంగాలు పంపిస్తాయి. ఎక్కడో ఎత్తైన పీఠభూమి మీద పెద్ద పెద్ద డిష్షులు పెట్టి వాటిని పడతారు. తెరమీద అవి సన్నటి గీతల్లా కనిపిస్తాయి.

"ఏ గీత ఏ అణువుదో ఎలా తెలియాలి?" అని తనే అడిగి, తనే చెప్పేది. "ఎవరో ఒకరు ఆ అణువును ఇక్కడే తయారుచేసి, గొట్టంలో పెట్టి, దాని గీతలు ఎక్కడెక్కడ పడతాయో కొలిచి ఉంచాలి. ఆ ఎవరో ఒకర్ని నేను."

"అది తెలిసి ఏం చేస్తారమ్మా?" అని మా దూరపు పెద్దమ్మ ఒకావిడ అడిగింది ఒకసారి.

"ఎంత చలిలో పుట్టాయో తెలుస్తుంది, పెద్దమ్మగారూ. బరువన్నలు ఎంత ఎక్కువగా ఉంటే, పుట్టిన చోట అంత చలి వేసినట్టు. మన సూర్యుడు కూడా అలాంటి చోటే పుట్టాడు కదా. మన పుట్టిల్లు ఎలా ఉండేదో చూసుకోవడం అన్నమాట."

పుట్టిల్లు అనగానే పెద్దమ్మకు మొత్తం అర్థమైపోయింది. తల ఊపి ఇంకో కప్పు టీ అడిగింది.

వదిన బతుకంతా పట్టుకుని కూర్చున్న అణువు మిథనాల్. సారాయిలన్నింట్లోకీ చిన్నది, తాగితే కళ్లు పోతాయి. అందులో నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి. మూడు కార్బన్‌ను అంటిపెట్టుకుని, ఒకటి ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని. కార్బన్ పక్కన కూర్చున్న బరువన్న కదలడు. ఆక్సిజన్ పక్కన కూర్చున్నవాడు మాత్రం ఒట్టి నిలకడ లేనివాడు. కాస్త తడి తగిలితే చాలు, ఆ నీళ్లలోని తమ్ముడికి తన చోటు ఇచ్చేసి వెళ్లిపోతాడు. వదిన కొలవడానికి పూనుకున్నది అటొక అన్న, ఇటొక అన్న ఉన్న రకం. దాని గీతలు ఎక్కడ పడతాయో కాగితం మీద లెక్క కట్టడం దాదాపు అసాధ్యమట. "తల ఒకవైపు తిప్పుతూ తోక ఇంకోవైపు ఊపుతుంది. దీన్ని కూర్చోబెట్టి కొలవాల్సిందే," అనేది. పన్నెండేళ్లు కొలిచింది.

ఆ గొట్టం నాకు బాగా తెలుసు. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు పరిశోధనశాల పక్క వీధిలోనే ఉండేది. సాయంత్రం పని అయ్యాక నేలమాళిగకు వెళ్లి కూర్చుంటే, ఇద్దరం కలిసి బస్సులో ఇంటికి వచ్చేవాళ్లం. కిటికీ లేని గది. పంపు ఒక మూల డుగుడుగుమంటూ ఉండేది. గది మధ్యలో బల్ల మీద మనిషికన్నా పొడవైన గాజుగొట్టం, దానికి అక్కడక్కడా గుడ్డపట్టీలు చుట్టి ఉండేవి. ఏళ్లు గడిచి లోపలివైపు లేత పసుపు రంగు తేలింది. దాన్ని ఊదినది అక్కడి గాజు పనివాడు. అందరూ ఆయన్ని ఊదుడు బాబాయి అనేవాళ్లు.

"అమ్మాయ్, ఆ గొట్టం చూస్తే నాకే సిగ్గేస్తోంది. ఎవరైనా చూస్తే నేను ఊదింది అనుకుంటారు. కొత్తది చేసిస్తానంటే వినవు," అనేవాడు బాబాయి.

"మీరే కదా బాబాయ్ ఊదింది."

"ఊదినప్పుడు తెల్లగా ఉంది. ఇది నీ కాపురం రంగు."

ఇంటికి బయల్దేరే ముందు వదిన చేసే చివరి పని ఒకటుండేది. యంత్రాలన్నీ ఆపేసి, పక్కనున్న చిన్న సీసా కుళాయి తిప్పి, గొట్టంలోకి కాస్త భారజలం ఆవిరి వదిలేది. భారజలం అంటే తమ్ముళ్ల చోట అన్నలు ఉన్న నీళ్లు. గాజు లోపలి గోడలకు ఎంత ఆరబెట్టినా కంటికి కనిపించని తడి అంటుకుని ఉంటుంది. ఆ తడి మామూలు నీళ్లదైతే, గొట్టంలో పెట్టిన అణువుల్లోని నిలకడలేని అన్నలందరూ గోడల్లోకి జారుకుంటారు. అందుకని గోడలకు ముందే భారజలం పట్టించి ఉంచాలి, కొత్త ఇనప పెనానికి నూనె పట్టించినట్టు. నేను చూస్తుండగా రోజూ ఆ కుళాయి తిప్పి, "దీని దాహం తీరింది. పద, బస్సు పోతుంది," అనేది.

ఆ పన్నెండేళ్ల కొలతలు అచ్చయ్యాయి. దూరదర్శినుల మీద పనిచేసే ఒక యువతి వాటిని చూసి వదినకు ఫోను చేసింది. గొంతు చిన్నపిల్లలా ఉండేది కాబట్టి మేము ఆవిడను డిష్షుల పిల్ల అనేవాళ్లం. పుట్టీ పుట్టని ఒక నక్షత్రం చుట్టూ ఈ అణువును వెతకాలని ఆవిడ పట్టుదల. అక్కడా మంచు వెచ్చబడేటప్పుడు ఆక్సిజన్ పక్కనున్న అన్నలు నీళ్లలోకి జారుకుంటారు. వాళ్లలో ఎంతమంది మిగిలారో తెలిస్తే, ఆ నక్షత్రం తన చుట్టూ ఉన్న మంచును నెమ్మదిగా కరిగించిందో, ఒక్కసారిగా కాల్చేసిందో తెలుస్తుంది. డిష్షుల మీద సమయం దొరకడం మాటలు కాదు. ఆవిడకు దొరికింది, మరుసటి ఏడాదికి.

అప్పుడు వచ్చింది ఒక చిన్న వ్యాసం. అవతలి ప్రయోగశాల ఒకటి, మావాళ్ల దానికన్నా పెద్దది, వదిన కొలతల్ని కొత్త గొట్టంలో మళ్లీ చేసి చూసింది. అందులో మూడోవంతు గీతలు అసలు కనిపించలేదు. అవి ఆ అణువువి కావు, గొట్టంలో ఉన్న మురికివి అని రాశారు. ముఖ్యమైన గీతలన్నీ ఆ మూడోవంతులోనే ఉన్నాయి. అవి పోతే ఆకాశంలో ఆ అణువును గుర్తుపట్టే దారి లేదు. డిష్షుల పిల్ల వెతుకులాట ఆగిపోతుంది. పన్నెండేళ్లు చెత్తబుట్టలోకి పోతాయి.

అన్నయ్య భోజనాల దగ్గర అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఎవడా గొట్టంగాడు? మురికి అంటాడా నీ గొట్టాన్ని?"

"మురికిగా ఉన్నమాట నిజమే కదండీ," అంది వదిన. కంచంలో అన్నం కలుపుతూ ఉంది కానీ తినడం లేదు.

మర్నాడు ఆవిడ పంపు ఆపి, గొట్టం బల్ల మీదనుంచి దింపించి, తన చేతుల్తో కడిగింది. ఆమ్లంతో ఒకసారి, వేణ్ణీళ్లతో ఎన్నోసార్లు. బాబాయి పట్టుకుని నిలబడ్డాడు. పసుపు పోయి గాజు కొత్తదానిలా తళతళలాడింది. పద్ధతి ప్రకారం ఒక రాత్రి భారజలం పట్టించి, అణువును మళ్లీ తయారుచేసి, లోపల పెట్టి చూసింది.

గీతలు లేవు. అవతలివాళ్లు చెప్పినవి చెప్పినట్టే పోయాయి.

ఆ తర్వాత నెలలు మా ఇల్లు ఎలా గడిచిందో చెప్పడం కష్టం. వదిన ఏడవలేదు, విసుక్కోలేదు. డబ్బా మూతల సంగతి అడగడం మానేసింది. ఒక రోజు కాఫీపొడి డబ్బా మూత లేకుండా సాయంత్రం దాకా అలాగే ఉంది. నేనే మూత పెట్టాను, భయంగా. అన్నయ్య మాత్రం తెగించి ఒక మాట అన్నాడు. "నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఇంతేనోయ్. డాక్టరు దగ్గరికి వెళ్లాలనేసరికి ఆ పొద్దున చిగుళ్లు చిట్లేలా తోముకుంటారు. వచ్చాక నొప్పి ఎక్కడుందో వాళ్లకూ తెలీదు, నాకూ తెలీదు."

"నా నొప్పి నాకు తెలుసులెండి," అంది.

డైరెక్టరు గారు మంచివాడే. గదికి పిలిచి కూర్చోబెట్టి, వ్యాసాన్ని మనంతట మనమే వెనక్కి తీసుకుంటే గౌరవంగా ఉంటుందని చెప్పాడు. వదిన ఒప్పుకుంది. కాకపోతే ఇంకొక్కసారి మొత్తం కొలిచి, ఏ గీత తప్పో ఏది ఒప్పో తేల్చి, ఆ పట్టికతో సహా వెనక్కి తీసుకుంటానంది. తప్పు చెప్పేటప్పుడైనా సరిగ్గా చెప్పాలి కదా అని. డిష్షుల పిల్లకు ఫోను చేసి, "నీ సమయం ఇంకో అణువు మీద ఖర్చుపెట్టు, తల్లీ. నా మాట నమ్మి దాన్ని వృథా చేసుకోకు," అని చెప్పింది. "నాకిచ్చిన తేదీ దాకా ఆగుతాను మేడమ్," అంది ఆ అమ్మాయి.

వదిన మళ్లీ కొలతలకు కూర్చుంది. నేను ఎప్పటిలాగే సాయంత్రాలు వెళ్లేవాణ్ణి. పోయిన గీతలు ఉండాల్సిన చోట తెర చదునుగా ఉండేది. ఆవిడ దాన్ని అలాగే నమోదు చేసుకుని, యంత్రాలు ఆపి, చిన్న సీసా కుళాయి తిప్పి, పద అనేది. దాహం తీరిందన్న మాట మాత్రం అనేది కాదు.

ఒక సాయంత్రం వెళ్లేసరికి తెర ముందు కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి కూర్చుని ఉంది.

"ఇక్కడ నీకేమైనా కనిపిస్తోందా అబ్బాయ్?"

చదును మీద చీమ కుట్టినంత ఉబ్బు ఉంది. "ఏదో ఉంది," అన్నాను.

"ఉందా? నా కళ్లకు ఆశ పుట్టిందేమో అనుకున్నాను." అని దాన్ని నమ్మకుండా కట్టేసింది. యంత్రం గోల అయి ఉంటుందంది. వారం తర్వాత అది ఇంకాస్త లేచింది. ఆ పై వారం ఇంకాస్త.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది. "ఏమండీ, మరకను రోజూ తుడుస్తుంటే అది పెరుగుతుందా?"

"పంటి మీదదా?"

"ఎక్కడిదైనా."

"తుడిస్తే తగ్గాలి. పెరుగుతోందంటే అది మరక కాదు, లోపలనుంచి వస్తోందన్నమాట," అన్నాడు అన్నయ్య, నోట్లో ముద్దతోనే.

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మురికైతే తగ్గాలి," అంది తనలో తనే. "నేను రోజూ గాలి తోడేస్తున్నాను. మురికైతే రోజురోజుకీ తగ్గాలి. ఇది పెరుగుతోంది. నేను రోజూ చేస్తున్నది ఇంకేముంది?" అంతే, ఎంగిలి చేత్తోనే లేచి అల్మారా దగ్గరికి వెళ్లింది. ఎడమ చేత్తో తన అచ్చయిన వ్యాసం లాగి, పద్ధతి రాసిన పేజీ తిప్పి, నిలబడే చదివింది. మళ్లీ చదివింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నెలల తర్వాత విన్నాం ఆ నవ్వు.

"రాయలేదండీ," అంది. "రోజూ సాయంత్రం భారజలం పెడతానని ఎక్కడా రాయలేదు. ఒక రాత్రి పట్టించాలని మాత్రం రాశాను."

"పన్నెండేళ్లు రోజూ చేసిన పని రాయడం మరిచిపోతారా ఎవరైనా?"

"మరిచిపోలేదు. అది పని అనుకోలేదు. పొద్దున్నే లేచి పళ్లు తోముకున్నాను, ఆపైన కొలతలు తీశాను అని రాస్తామా?"

"నేనైతే రాస్తాను," అన్నాడు అన్నయ్య.

జరిగింది ఇదీ. ఆవిడ పాత గొట్టం గోడలు పన్నెండేళ్లుగా భారజలం తాగి తాగి ఉన్నాయి. అవతలివాళ్లది తళతళలాడే కొత్త గొట్టం. ఆవిడ రాసిన ప్రకారమే ఒక రాత్రి పట్టించారు, సరిపోతుందనుకున్నారు. నిలకడలేని అన్నలందరూ ఆ శుభ్రమైన గోడల్లోకి జారుకున్నారు. వాళ్లు కొలిచింది ఒకే అన్న మిగిలిన అణువును. ఆవిడ పట్టికలో దాని గీతలూ ఉన్నాయి, వాళ్లకు అవే కనిపించాయి. ఆవిడ గీతలు తప్పని వాళ్లు చూపించాక వదిన కూడా తన గొట్టాన్ని వాళ్లదంత శుభ్రం చేసుకుంది, ఆ తప్పులోకే వెళ్లింది. అలవాటుకొద్దీ రోజూ కుళాయి తిప్పుతూ ఉండటం వల్ల గోడలు మెల్లమెల్లగా మళ్లీ నిండుతూ వచ్చాయి. గీతలు పెరిగాయి.

నాకు తెలిసిన మనుషులైతే ఆ రాత్రే ఊరంతా టాంటాం వేసేవాళ్లు. వదిన మర్నాడు వెళ్లి గొట్టాన్ని మళ్లీ మామూలు నీళ్లతో కడిగింది. డైరెక్టరు గారిని, బాబాయిని పక్కన నిలబెట్టుకుని.

"అయ్యో, ఇప్పుడే కదమ్మా వస్తున్నాయంటివి," అన్నాడు బాబాయి.

"పోవాలి బాబాయ్. నేను పొమ్మంటే పోవాలి, రమ్మంటే రావాలి. అప్పుడే అవి నావి."

పోయాయి. ఈసారి ఒక రాత్రితో ఆగలేదు, గొట్టం వేడిచేస్తూ, భారజలం నింపుతూ, తోడేస్తూ, మళ్లీ నింపుతూ రోజుల తరబడి పట్టించింది. వచ్చాయి. మళ్లీ కడిగింది, పోయాయి. మళ్లీ పట్టించింది, వచ్చాయి, మొదటికన్నా నిటారుగా. డైరెక్టరు గారు తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇంక చాలమ్మా, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు. వెనక్కి తీసుకునే సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే వదిన అవతలి ప్రయోగశాల పెద్దాయనకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. "తప్పు నాది. పద్ధతి సగమే రాశాను. మీ గొట్టానికి రోజూ పట్టించి చూడండి," అంది.

"ఎన్ని రోజులు?" అని ఆయన అడిగినట్టున్నాడు.

"దానికి లెక్కలేదండీ. పట్టేదాకా."

ఆయన మళ్లీ ఫోను చేసిన రోజు ఇంట్లోనే ఉన్నాం. వదిన ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు ఊ కొట్టింది. పెట్టేసి మా వైపు తిరిగింది. "వాళ్లకూ వచ్చాయి. అన్నీ. ఆయనే రాసి అచ్చు వేయిస్తానంటున్నాడు, తన వ్యాసం తప్పని."

"గొట్టంగాడు మంచివాడే," అన్నాడు అన్నయ్య. ఇంట్లో ఆయన పేరు అదే ఖాయమైపోయింది, గౌరవంతో.

డిష్షుల పిల్ల తేదీ వచ్చింది. పరిశీలన జరిగాక లెక్కలు తేలడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. ఆ ఫోను ఒక సెలవురోజు మధ్యాహ్నం భోజనాలు వడ్డించుకుంటుండగా వచ్చింది. వదిన చేతిలో గరిట ఉంది. అన్నయ్య ఫోను తీసి, అందరికీ వినబడేలా నొక్కి, బల్ల మధ్యలో పెట్టాడు.

"మేడమ్, నేను అంకెలు చదువుతాను. మీరేమీ అనకండి, వినండి చాలు," అంది ఆ అమ్మాయి. నక్షత్రం దగ్గర పడ్డ గీతల స్థానాలు ఒక్కోటీ చదవడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద అంకెలు. మొదటిది పూర్తిగా విని వదిన కళ్లు మూసుకుంది. రెండోది ఆ అమ్మాయి సగం చదివేసరికి మిగతా సగం వదిన చెప్పేసింది.

"మేడమ్, మీ ముందు కాగితం ఉందా?"

"గరిట ఉంది. నువ్వు చదువు తల్లీ."

ఆ అమ్మాయి మొదటి రెండు అంకెలు అందించేది, వదిన చుక్క తర్వాతవి కూడా కలుపుకుని మిగతావి చెప్పేది. ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకున్నట్టు సాగింది. ఆ అంకెల్లో మాకు ఒక్కటీ అర్థం కాదు. అయినా అన్నయ్య ప్రతి గీతకూ బల్ల మీద వేలితో తట్టడం మొదలుపెట్టాడు. అవతలి గదిలో ఆ అమ్మాయితో పనిచేసే వాళ్లంతా పోగైనట్టున్నారు. ఒక్కో అంకె కలిసినప్పుడల్లా వెనకనుంచి హోరు వినిపించేది. పోయాయనుకున్న ఆ మూడోవంతు గీతలన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, ఆకాశంలో ఎక్కడ ఉండాలని ఆవిడ చెప్పిందో అక్కడే ఉన్నాయి.

"ఉంది మేడమ్," అంది ఆ అమ్మాయి చివర్లో. ఏడుస్తోంది. "అక్కడ నిజంగానే ఉంది. బోలెడంత ఉంది. ఆ నక్షత్రం మంచును చాలా నెమ్మదిగా కరిగించింది. అన్నలు చాలామంది మిగిలారు."

వదిన గరిట బల్ల మీద పెట్టింది. "నెమ్మదిగానా," అంది. "బుద్ధిమంతురాలు."

ఫోను పెట్టాక అన్నయ్య లేచి ఆవిడకు ఎదురుగా నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియలేదు పాపం, కుర్చీ లాగి, "కూర్చోవోయ్, ఇవాళ నేను వడ్డిస్తా," అన్నాడు. వడ్డిస్తూ సగం బల్ల మీద పోశాడు. వదిన రెండుసార్లు వడ్డించుకుని తింది. నేను అంతకుముందు ఆవిడ అంత ఆకలిగా తినడం చూడలేదు. తిన్నాక చెయ్యి కడుక్కుని నేరుగా అల్మారా దగ్గరికి వెళ్లి కాఫీపొడి డబ్బా తీసింది. "దీనికి మూత సరిగ్గా పెట్టనిది ఎవరు?" అంది. ఇద్దరం ఒకరివైపు ఒకరం వేలు చూపించాం.

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్లు పనిచేసింది. వేరే అణువులు, వేరే నక్షత్రాలు. పద్ధతి రాసేటప్పుడు మాత్రం రోజూ సాయంత్రం ఏం చేసేదో కూడా రాసేది. ఒక వ్యాసం ప్రూఫు నేనే చదివాను. "రాత్రి వెళ్లేముందు గొట్టాన్ని భారజలం ఆవిరితో నింపి ఉంచాలి, ఇది ఐచ్ఛికం కాదు," అని ఉంది. ఇంత కటువుగా ఎందుకు వదినా అంటే, "పళ్లు తోముకోవడం ఐచ్ఛికమా? మీ అన్నయ్యను అడుగు," అంది. పదవీ విరమణ రోజున బాబాయి ఒక చిన్న గాజుగొట్టం ఊది ఇచ్చాడు, అరచేతిలో పట్టేంత. రెండు వైపులా మూసేసి ఉంది. లోపల ఏముంది బాబాయ్ అని అడిగితే, "ఏమీ లేదమ్మా. నీకు అదే కదా ఇష్టం," అన్నాడు. ఆ మాటకు గదిలో అందరికన్నా పెద్దగా నవ్వింది వదినే.

ఆవిడ పోయిన వారానికి ఇంటికి ఒక ముసలాయన వచ్చాడు. కర్ర సాయంతో మెట్లెక్కి, చెప్పులు విడిచి, కర్ర గోడకు ఆనించాడు. "నేనే. మీ ఇంట్లో నన్నేదో పేరుతో పిలుస్తారట కదా, ఆవిడ చెప్పింది," అన్నాడు. అన్నయ్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. మంచినీళ్లు తాగి, ఆయన ఏవేవో పాత సంగతులు మాట్లాడాడు. వెళ్లబోయేముందు ఒక సంగతి చెప్పాడు. ఆవిడ గీతలు తప్పని రాసిన ఆ చిన్న వ్యాసాన్ని, అచ్చుకు పంపేముందు ఆవిడకే చదివి వినిపించాడట ఫోనులో. ఆ విషయం మా ఇద్దరికీ ఏనాడూ తెలియదు. ఎవరి గురించి రాశాడో వాళ్లకు చెప్పకుండా అచ్చు వేయించడం ఆయనకు మనసొప్పలేదట. ఆవిడ చివరిదాకా విని, తన కొలతల్లో దాచిందేమీ లేదని, వేయించమని చెప్పిందట. ఒక్క మార్పు మాత్రం అడిగిందట. 'ఆ గీతలు బహుశా ఈ అణువువి కాకపోవచ్చు' అని ఆయన మర్యాదకు మెత్తగా రాసుకున్నాడు.

"ఆ 'బహుశా' తీసేయండి, అది ఉంటే ఎవరూ మళ్లీ కొలవరు, అంది ఆవిడ. తీసేశాను," అన్నాడు.

అన్నయ్య ఆయన్ని మెట్లు దింపి వచ్చాడు.